ఈ రచ్చబండ మీద మన పిల్లలు కూర్చోవాలి

(విశాఖపట్నంలో ఉపాధ్యాయుల, గ్రామ కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా నలుగురూ కలిసి రాసుకునే పనిముట్లు ఉన్నాయి, అవి మన బడులకి, బడి లైబ్రరీలకి ఎలా పనికొస్తాయో చెప్పమని నన్నడిగారు. శ్మశానానికి దారి లేని పేటలున్నాయి, కూలి బకాయిలున్నాయి, కాంట్రాక్టు కార్మికుల్ని గేటు బయటికి నెడుతున్నారు, ఇప్పుడీ కంప్యూటరు గొడవేటి అని మీలో కొందరు అనుకుంటారు. అనుకోవాలి కూడా. మన సభలో ఎవరు ఏం చెప్పినా, అది మన బతుక్కి ఏం పనికొస్తుందని నిలదీసే హక్కు మనకుంది. అందుకని ముందు ఒక పని చేద్దాం.

ఫోనున్న వాళ్లు ఫోను తియ్యండి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేరు కొట్టండి. మన రాష్ట్రంలో చాలా ఊళ్లకి అందులో పేజీ ఉంది. 2011 జనాభా లెక్కల్ని పట్టుకుని ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎంత జనాభా, ఎన్ని హెక్టార్లు, బడి ఎక్కడుంది, ఆసుపత్రి ఎంత దూరం, తాగునీరు ఎలా వస్తుంది అన్నీ రాసి ఉంటాయి. ఆ లెక్కల మధ్యలో షెడ్యూల్డ్ కులాల సంఖ్య ఇంత, షెడ్యూల్డ్ తెగల సంఖ్య ఇంత అని ఒక ముక్క ఉంటుంది. చాలా పేజీల్లో మన గురించి ఉన్నది ఆ అంకె ఒక్కటే. గుడి గురించి రాసిన పేజీలున్నాయి, జాతర గురించి, ఊరి పెద్దల గురించి రాసినవున్నాయి. పేట ఎప్పుడు కట్టారు, పేటకి మంచినీళ్లు ఏ ఏడు వచ్చాయి, ఎవరు కొట్లాడితే వచ్చాయి, మొట్టమొదట పది పాసైన పిల్ల ఎవరు, ఇవి వెతికితే దొరకవు.

ఆ పేజీలు రాసినోళ్లు జీతానికి రాసినోళ్లు కారు. తీరిక వేళల్లో కూర్చుని, తమకి తెలిసింది, తమ చేతికి దొరికింది రాశారు. వాళ్లని తిట్టి లాభం లేదు. మనకి తెలిసింది మనం రాయాలి. ఈ రోజు నేను చెప్పే మాట ఇదొక్కటే. ఆ రాసే పని మన బడిలో, బడి లైబ్రరీలో మొదలవ్వాలి.

ఈ పనిముట్టు ఏటో రెండు ముక్కల్లో చెప్తాను. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఆయన, చదివేవాడే అక్కడికక్కడ దిద్దగలిగే పేజీ ఒకటి తయారు చేశాడు. దానికి ‘వికీ’ అని పేరు పెట్టాడు. హవాయి దీవుల భాషలో ఆ మాటకి ‘తొందరగా’ అని అర్థం. ఆ పద్ధతి మీదే 2001 జనవరిలో వికీపీడియా మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. వెన్న నాగార్జున దానికి నాంది పలికారు. ఇప్పుడందులో లక్షకి పైగా వ్యాసాలున్నాయి. ప్రకటనలుండవు. చందాలతో నడుస్తుంది. పేజీ మీద ‘సవరించు’ అని ఉంటుంది. అది నొక్కితే ఎవరైనా రాయొచ్చు. ‘చరిత్ర’ అని ఇంకోటుంటుంది. ఎవరు ఏ రోజు ఏ ముక్క కలిపారు, ఏ ముక్క తీసేశారు, అంతా అక్కడ కనపడుతుంది. ‘చర్చ’ అని మూడోది ఉంటుంది. మీరు రాసింది ఎవరైనా తీసేస్తే, ఎందుకు తీశావని అక్కడ అడగొచ్చు. తీసినవాడు కారణం చెప్పాలి. మన ఊరి పంచాయితీలో మన మాట కొట్టేసినోడు ఎప్పుడైనా కారణం చెప్పాడా?

ఇంకో సంగతి వినండి. తెలుగు వికీపీడియాలో అందరూ చేరి సమస్యలు మాట్లాడుకునే పేజీకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘రచ్చబండ’. పేరు పెట్టిన వాళ్లకి అది తీపి జ్ఞాపకం అయ్యుండొచ్చు. మనకి? మన తాతలు ఆ బండ ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డారు. తీర్పు బండ మీద నించి వచ్చేది, జరిమానా పేట నించి వెళ్లేది. ఈ కొత్త రచ్చబండ దగ్గర నీది ఎవరిల్లు, ఏ పేట అని అడిగేవాడు లేడు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మారుపేరు పెట్టుకుని రాయొచ్చు. అయినా మనం అక్కడ కూర్చోలేదు.

తలుపు తీసి ఉంటే సరిపోతుందా అంటే, సరిపోదని బాబాసాహెబ్ మనకి మహద్‌లో చూపించారు. బహిరంగ చెరువులు, బావులు అంటరానివాళ్లకి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని కాగితం మీద రాసింది. మూడేళ్లు ఆ కాగితం కాగితంగానే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లి దోసిలి ముంచి తాగేదాకా అది మన చెరువు కాలేదు. తాగిన తర్వాత ఊరుకున్నారా? మనోళ్లని కొట్టారు, చెరువుని శుద్ధి చేశారు, మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. చివరికి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచాం. హక్కు కాగితం మీద రావడం ఒక మెట్టు, వెళ్లి నీళ్లు ముట్టడం రెండో మెట్టు, ముట్టిన చోటుని నిలబెట్టుకోవడం మూడో మెట్టు. ఇంటర్నెట్‌లో ఉమ్మడి జ్ఞానం దగ్గర మనం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం.

ఇప్పుడు బడి సంగతికొద్దాం. గవర్నమెంటు బళ్లో లైబ్రరీ అంటే ఏటో మీకందరికీ తెలుసు. ఒక ఇనప బీరువా, దానికో తాళం. నేను పనిచేసిన ఒక బడిలో పుస్తకాలు చిరిగిపోతే జీతంలోంచి కట్టాల్సొస్తుందని ఆ బీరువా ఏడాదికి ఒక్కసారి, నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలకి మాత్రమే తీసేవారు. ఫొటో తీసుకుని మళ్లీ మూసేవారు. కంప్యూటర్లు వచ్చాక వాటికి గుడ్డ కప్పి గది మూసిన బళ్లున్నాయి.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి ఐదు లక్షలకి పైగా ట్యాబులు పంచింది. ఒక ప్రైవేటు కంపెనీ పాఠాలు అందులో నింపి ఇచ్చారు. పిల్లలు పాఠం చూసేవారు, ప్రశ్నకి జవాబు నొక్కేవారు. పేటలో పిల్లలకి తెర చేతికొచ్చింది, నేను సంతోషించాను. కానీ ఎప్పటినించో మనకి వినడమే నేర్పారు. ఎవరో చెప్తారు, మనం వింటాం. పాత రోజుల్లో వినడం కూడా నేరమే. ఇప్పుడు వినొచ్చు, చూడొచ్చు. రాయడం మాత్రం ఇంకా మన పిల్లల చేతికి రాలేదు. పిల్లాడు రాసింది పదిమంది చదివి, తప్పు దిద్ది, ఇంకో ముక్క కలిపి, అది లోకం అంతా చూసేలా నిలిస్తే, ఆ పిల్లాడు ఇంక తల దించుకోడు.

నా క్లాసులో ఏం జరిగిందో చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు తమ పేట గురించి నాలుగు వాక్యాలు ఊరి పేజీలో రాశారు. రెండ్రోజుల్లో అవి తీసేశారు. కారణం కూడా రాశారు: ఆధారం లేదు. ఒక పిల్ల నన్నడిగింది, ‘మా అమ్మమ్మ చెప్పింది ఆధారం కాదా టీచర్?’ అని.

ఈ ప్రశ్నకి మనందరం జవాబు చెప్పుకోవాలి. వికీపీడియాలో గట్టి నియమాలు మూడున్నాయి. ఒకటి, రాసిన దానికి అచ్చయిన, నమ్మదగిన ఆధారం చూపాలి. రెండు, సొంతంగా కనిపెట్టినవి అక్కడ రాయకూడదు. మూడు, ఒక పక్షం వైపు ఒరగకుండా రాయాలి. నియమాలు అందరికీ ఒకటే. కానీ అచ్చయిన పుస్తకం ఎవరింట్లో ఉంది? జమీందారు వంశ చరిత్ర అచ్చయింది, గుడి స్థలపురాణం అచ్చయింది. మా అమ్మమ్మ నోట్లో ఉన్నది అచ్చవలేదు. నియమం కులం చూడదు, కానీ ఆధారాలు పోగుపడిన చోటు కులాన్ని బట్టే పోగుపడింది. అందుకే ఎవరూ పగబట్టకుండానే మనం ఆ పేజీలో లేకుండా పోయాం.

దీనికి ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదు, నియమాలు పనికిరావని తిట్టినా లాభం లేదు. ఆ నియమమే రేపు మన మీద అబద్ధం రాసినోడిని కూడా ఆపుతుంది. ఆధారం చూపించు అని మనమూ అడగొచ్చు. మరి మన దగ్గర ఏ ఆధారాలున్నాయి? ఉన్నాయి. జనాభా లెక్కలున్నాయి. కోర్టు తీర్పులున్నాయి. కమిషన్ రిపోర్టులు, శాసనసభ చర్చలు ఉన్నాయి. యూనివర్సిటీల్లో మన పిల్లలు రాసిన పరిశోధనలున్నాయి. పాత దినపత్రికలున్నాయి. వీటిని వెతికి, తేదీతో, పేజీ నంబరుతో చూపించడం మన పిల్లలకి నేర్పాలి.

మన ఉత్తరాంధ్రలో లక్షింపేట ఉంది. 2012 జూన్ 12న అక్కడ భూమి కోసం నిలబడ్డ ఐదుగురు దళితుల్ని చంపారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా వంగర మండలం. 2022 జిల్లాల విభజన తర్వాత విజయనగరం జిల్లాలోకొచ్చింది. దాని గురించి కోపంతో తిట్లు రాస్తే తీసేస్తారు. తేదీ, పేర్లు, భూమి గొడవ ఏ ప్రాజెక్టు కింద మొదలైంది, కేసు ఏమైంది, ఇవి పత్రికల ఆధారంతో రాస్తే నిలబడుతుంది. చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న నరమేధం. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వాళ్లని వదిలేసింది. ఈ మూడు తేదీలు పక్కపక్కన పెడితే చాలు, చదివేవాడికి విషయం అర్థమవుతుంది. ఒక పక్షం వైపు ఒరగొద్దు అంటే నోరు మూసుకోమని కాదు. జరిగింది జరిగినట్టు రాస్తే అది మన పక్షమే.

మరి అమ్మమ్మ మాట? దానికి దారి కొంచెం దూరం. ముందు పిల్లలు ఆమె మాటని రాసుకోవాలి, ఫోనులో గొంతు ఎక్కించుకోవాలి. దాన్ని గోడపత్రికలో పెట్టాలి. పదిమంది అమ్మమ్మల మాటలు కలిపి చిన్న పుస్తకం వెయ్యాలి. ఒక కాపీ బడి లైబ్రరీలో, ఒకటి మండల శాఖా గ్రంథాలయంలో, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. మన చిన్న పుస్తకాన్ని వికీపీడియా వాళ్లు వెంటనే ఒప్పుకోకపోవచ్చు. కానీ రేపు పరిశోధన చేసేవాడు, పత్రికలో రాసేవాడు దాన్ని చూస్తాడు. వాడు రాసింది ఆధారం అవుతుంది. మనం రాయకపోతే ఆ గొలుసుకి మొదటి కొక్కెమే లేదు.

ఈ విశాఖలో అలా రాయాల్సింది ఎంతుంది! ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఊరూరా లేచారు, 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ ఎన్ని టన్నులు తీస్తుందో ఏ పేజీలో చూసినా దొరుకుతుంది. దాని కింద అరవైకి పైగా గ్రామాలు కదిలిపోయాయి. ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగినోళ్లు గాజువాకలో, పెదగంట్యాడలో, అగనంపూడిలో ఇంకా ఉన్నారు. భూమి పోయినోడికి భూమి లెక్కన డబ్బిచ్చారు. భూమే లేక ఆ భూమి మీద కూలి చేసినోడికి ఏ లెక్కనిచ్చారు? పోయిన ఊళ్లో మన పేట ఏ దిక్కున ఉండేది, మన నుయ్యి ఎక్కడ, మన శ్మశానం ఎక్కడ? అవి చెప్పగలిగిన వాళ్లకి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మాలని కేంద్రం తీర్మానించినప్పుడు త్యాగాల లెక్క తీశారు కదా, ఆ లెక్కలో మన తాతల పేర్లెన్ని? నగరాన్ని ఊడ్చి శుభ్రం చేస్తున్న రెల్లి అక్కల చరిత్ర ఎక్కడుంది? ఆ పిల్లలు మన బళ్లలోనే ఉన్నారు. వాళ్ల చేత రాయించాలి.

ఇంకో పని కూడా బడి లైబ్రరీలో చెయ్యొచ్చు. వికీసోర్స్ అని ఉంది, అది పాత పుస్తకాల ఉమ్మడి లైబ్రరీ. పుస్తకం పేజీ బొమ్మ ఒక పక్క, అక్షరాలు ఒక పక్క ఉంటాయి. పేజీ దిద్దకముందు ఎరుపు గుర్తు, ఒకరు దిద్దాక పసుపు, రెండోవాళ్లు సరిచూశాక ఆకుపచ్చ. ఇద్దరు పిల్లల్ని జంటగా కూర్చోబెడితే ఒకరు దిద్దుతారు, ఒకరు సరిచూస్తారు. తెలుగు వాక్యం వస్తుంది, ఒత్తులు దీర్ఘాలు వస్తాయి. మన దేశ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత ఆయన రచన అందరిదీ అవుతుంది. బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న పోయారు. అంటే ఆయన బతికుండగా ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకాలు 2017 జనవరి 1 నించి మనందరివీ. తెలుగు అనువాదాలకి మాత్రం అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, అది చూసుకోవాలి. 1921లోనే ‘మాకొద్దీ నల్లదొరతనం’ అన్న కుసుమ ధర్మన్న లాంటి మన కవుల పాత ప్రతులు ఏ ఇంట్లో అటక మీదున్నా దించండి. చెద తినకముందే ఫొటోలు తీయించండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఉచితం అన్నదల్లా మనది కాదు. గూగుల్ డాక్స్‌లో ఒకే కాగితం మీద పదిమంది పిల్లలు ఒకేసారి రాయొచ్చు, టీచరు ఇంటి నించి చూసి దిద్దొచ్చు. బాగా పనికొస్తుంది, వాడండి. కానీ ఆ అరుగు కంపెనీది. రేపు అరుగు మీద కూర్చోడానికి అద్దె కట్టమంటే కట్టాలి. కాబట్టి రాసింది ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవులో దించుకోండి, ఒక ప్రతి కాగితం మీద తీసి బీరువాలో పెట్టండి. పదమూడేళ్ల లోపు పిల్లలు సొంతంగా ఖాతా తెరవకూడదు. ఏ వయసు పిల్లలైనా అసలు పేరు, ఫోను నంబరు, ఇల్లు, ఫొటో ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. మన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. కేసు నడుస్తున్న ఊళ్లో సాక్షుల పేర్లు బయటికి రానివ్వకండి.

నెట్టు రాని బడి ఉంటే కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకసారి దించుకుంటే, నెట్టు లేకుండానే బడి కంప్యూటర్‌లో చదువుకోవచ్చు. ఏజెన్సీ బళ్లకి ఇది ముందు చెయ్యాలి. ఇక మన పత్రికలు, కరపత్రాలు డీటీపీ చేసేవాళ్లకి ఒక మాట. అను ఫాంట్లలో కొట్టింది ఇంటర్నెట్‌లో పెడితే పిచ్చి గీతల్లా కనపడుతుంది. యూనికోడ్‌లోకి మార్చి ఒక ప్రతి ఉంచండి. లేకపోతే మన ఇన్నేళ్ల రాత వెతికినా దొరకదు.

దీనికి తొందర ఎందుకంటే, ఇప్పుడు ప్రశ్న అడిగితే గడగడా జవాబు చెప్పే యంత్రాలొచ్చాయి. మన పిల్లలు హోంవర్కు కూడా వాటినే అడుగుతున్నారు. ఆ యంత్రాలు నేర్చుకున్నది ఇలాంటి పేజీల నించే. వికీపీడియా వాటికి పెద్ద పాఠ్యపుస్తకం. అక్కడ మన పేట లేకపోతే రేపు యంత్రం చెప్పే జవాబులోనూ ఉండదు. మన మనవడు మన ఊరి గురించి అడిగితే అది మనల్ని వదిలేసి చెప్తుంది. 2015 నించి ఏప్రిల్ నెలని దళిత చరిత్ర మాసంగా జరుపుతున్న దళిత మహిళలు వికీపీడియాలో రాయడాన్ని కూడా అందులో పెట్టుకున్నారు. మనం తెలుగులో అందుకోవాలి.

కాబట్టి ఈ సభ నించి మనం అడగాల్సినవి అడుగుదాం. ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మన దగ్గర వసూలు చేస్తున్నారు. పేటలో గుడిసె పన్ను కట్టినోడూ అది కడుతున్నాడు. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో పిల్లలు కూర్చుని రాసుకోడానికి రెండు కంప్యూటర్లు, నెట్టు పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థని అడుగుదాం. ప్రతి హైస్కూల్లో వారానికి రెండు పీరియడ్లు లైబ్రరీకి ఇవ్వాలని, బీరువా తాళం పిల్లల కమిటీ చేతిలో ఉండాలని హెడ్మాస్టర్లని అడుగుదాం. మన సంక్షేమ హాస్టళ్లలో సాయంత్రం ఒక గంట దీనికి ఇమ్మని వార్డెన్లని అడుగుదాం.

మనం చెయ్యాల్సింది మనం చేద్దాం. ఇక్కడున్న ప్రతి టీచరు నలుగురు పిల్లల్ని పట్టండి. ప్రతి కార్యకర్త మీ ఊరి పేజీ చదివి, అందులో లేనివి ఏవో ఒక కాగితం మీద రాసుకు రండి. రాత రాని పెద్దవాళ్లు చెప్పండి, పిల్లలు రాస్తారు. ఆధారాలు వెతకడంలో ఎక్కడ ఆగిపోయినా ఈ పత్రికకి రాయండి, కలిసి వెతుకుదాం. వచ్చే ఏప్రిల్ 14కి, దండ వేసి స్పీచి ఇచ్చి ఊరుకోకుండా, ఆ సాయంత్రం పేటలో నలుగురు పిల్లల్ని ఫోను ముందు కూర్చోబెట్టి మన ఊరి పేజీలో ఒక్క వాక్యం, ఆధారంతో సహా, రాయిద్దాం. ఎవరైనా తీసేస్తే చర్చలో అడుగుదాం. మళ్లీ రాద్దాం.

జై భీమ్.